64కి 64: ఆస్పత్రి సిబ్బందిలో టీకా ఎంత పనిచేసింది

2021 మే నెలలో, కోవిడ్ రెండో వేవ్ నడుస్తుండగా, గోదావరి డెల్టాలో ఏ అరుగు మీద నలుగురు చేరినా ఒకటే మాట. "రెండు డోసులూ ఏయించుకున్న నర్సమ్మకే వచ్చేసిందండీ. ఇంక మనకెందుకండీ ఈ టీకా?"

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. జనవరి 16న దేశమంతా టీకాలు మొదలైనప్పుడు ముందు చెయ్యి చాపింది ఆస్పత్రి సిబ్బందే. డాక్టర్లు, స్టాఫ్ నర్సులు, ఏఎన్‌ఎంలు, ఆశాలు, ల్యాబ్ టెక్నీషియన్లు, వార్డులు ఊడ్చే శానిటేషన్ వర్కర్లు. రెండో వేవ్ వచ్చేసరికి వాళ్లలో చాలామందికి రెండు డోసులూ పూర్తయ్యాయి. అయినా పాజిటివ్‌లు వచ్చాయి. ఏఎన్‌ఎం అంటే ఊళ్లో ప్రతి గడపకూ తెలిసిన మనిషి. ఆమెకు జ్వరం వస్తే ఆ కబురు ఏరు దాటించే పంటు మీద లంకలోకి అదే రోజు చేరిపోతుంది. ఆమె పది రోజులు ఇంట్లో ఉండి, పారాసెటమాల్ మాత్రలతో గట్టెక్కి మళ్లీ డ్యూటీకి వచ్చిందన్న కబురు మాత్రం అంత వేగంగా పోదు.

నర్సమ్మకు రావడం నిజం. దాన్నుంచి తీసిన తీర్పు తప్పు. వచ్చిందా, రాలేదా అన్న ఒక్క ప్రశ్నతో టీకాను కొలవలేం. ఎంతమందిలో ఎంతమందికి వచ్చింది, వచ్చినవాళ్లు ఎంతదాకా వెళ్లారు అని రెండు ప్రశ్నలు అడగాలి. ఈ రెండిటికీ ఆస్పత్రి సిబ్బంది దగ్గర దొరికినంత మంచి జవాబు మామూలు జనంలో దొరకదు. ఆ జవాబును చదవడంలో కొన్ని చిక్కులూ ఉన్నాయి.

రాయవెల్లూరు లెక్క

పెద్ద జబ్బు చేస్తే మన జిల్లాల వాళ్లు రైలెక్కి వెళ్లే ఆస్పత్రుల్లో వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఒకటి. పాతతరం వాళ్లకు ఆ ఊరు రాయవెల్లూరు. ఆ ఆస్పత్రి తన సొంత సిబ్బంది లెక్క తీసి 2021లోనే ప్రచురించింది. మొత్తం ఉద్యోగులు 10,600 మంది. జనవరి 21 నుంచి ఏప్రిల్ 30 లోపు కనీసం ఒక డోసు వేసుకున్నవాళ్లు 8,991 మంది. వాళ్లలో నూటికి 93 మందికి పైగా వేసుకున్నది కోవిషీల్డ్, అంటే ఆస్ట్రాజెనెకా టీకాకు మన దేశంలో ఉన్న పేరు. 1,609 మంది అసలు వేసుకోలేదు.

రెండు డోసులూ పూర్తయిన 7,080 మందిలో 679 మందికి ఇన్ఫెక్షన్ వచ్చింది. వేసుకోనివాళ్లలో 438 మందికి వచ్చింది. ఇక్కడితో చదవడం ఆపేస్తే అరుగు మీది మాటే గెలుస్తుంది. వేసుకున్నవాళ్లకే ఎక్కువ వచ్చింది కదా అనిపిస్తుంది.

ఇంకా తికమక పెట్టే అంకె ఆస్పత్రిలో చేరినవాళ్లది. రెండు డోసులు వేసుకున్నవాళ్లలో 64 మంది చేరారు. ఒక్క డోసూ వేసుకోనివాళ్లలో కూడా సరిగ్గా 64 మందే చేరారు. 64కి 64. ఏ పేపర్‌వాళ్లయినా ఈ రెండు అంకెలనే పక్కపక్కన వేస్తే, టీకా వల్ల పైసా ప్రయోజనం లేదని చదివినవాళ్లు అనుకోవడంలో తప్పు లేదు.

కానీ ఆ రెండు 64ల కింద ఉన్న సంఖ్యలు వేరు. 7,080 మందిలో 64 అంటే నూటికి ఒక్కరు కూడా లేరు, 0.9 మంది. 1,609 మందిలో 64 అంటే నూటికి నలుగురు. నలుగురు మంచం ఎక్కాల్సిన చోట ఒక్కరు కూడా పూర్తిగా ఎక్కలేదు. ఆస్పత్రి పాలు కాకుండా 77 శాతం రక్షణ అని చెప్పేది దీన్నే. ఇన్ఫెక్షన్ విషయంలో కూడా అంతే. వేసుకున్నవాళ్లలో నూటికి 9.6 మందికి వచ్చింది, వేసుకోనివాళ్లలో 27.2 మందికి వచ్చింది. రక్షణ 65 శాతం.

ఆ తర్వాతి మెట్టు ఆక్సిజన్. ఆ నెలలో కాకినాడ ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) గేటు దగ్గరా, రాజమండ్రి, అమలాపురం ఆస్పత్రుల దగ్గరా జనం దేనికోసం పరుగులు పెట్టారో గుర్తున్నవాళ్లకు ఈ అంకె విలువ చెప్పనక్కర్లేదు. రెండు డోసులవాళ్లు 7,080 మందిలో ఆక్సిజన్ అవసరమైంది నలుగురికి. వేసుకోని 1,609 మందిలో 11 మందికి. రక్షణ 92 శాతం. ఐసీయూకు వెళ్లింది ఇటు ఇద్దరు, అటు ఎనిమిది మంది. రక్షణ 94 శాతం. మహమ్మారి మొదలైన దగ్గర్నుంచి ఆ అధ్యయనం నాటికి ఆ ఆస్పత్రి సిబ్బందిలో చనిపోయింది ఒక్కరే. ఆ ఒక్కరికీ ముందు నుంచి వేరే జబ్బులున్నాయి, టీకా వేసుకోలేదు.

65, 77, 92, 94. జబ్బు ముదిరేకొద్దీ టీకా పట్టు బిగుస్తోంది. ఏటిగట్టు కింద ఇల్లున్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పుడు గట్టుకు అక్కడక్కడా ఊట కనిపిస్తుంది. ఊట కనిపించిందని గట్టు పనికిరాదని ఎవరూ అనరు. గట్టు ఉన్నది గండి పడకుండా ఉండడానికి. టీకా వేసుకున్న నర్సమ్మకు పాజిటివ్ రావడం ఊట. ఆమెకు ఆక్సిజన్ పెట్టాల్సి రావడం గండి.

ఈ లెక్కలో ఇంకో చిన్న సంఖ్య ఉంది. 33. రెండో డోసు వేసుకున్న రెండు వారాల్లోపే ఇన్ఫెక్షన్ వచ్చిన సిబ్బంది వీళ్లు. వీళ్లను ఏ గుంపులోనూ కలపకుండా పక్కన పెట్టారు. దాచిపెట్టడం కాదది. టీకా సూది దిగిన క్షణం నుంచి పనిచేయదు. శరీరం యాంటీబాడీలు తయారుచేసుకుని, గుర్తుపెట్టుకునే కణాలను సిద్ధం చేసుకోవడానికి రెండు వారాలు పడుతుంది. ఈలోగా వైరస్ వస్తే అది టీకా ఓటమి కిందికి రాదు. అప్పుడే నాటిన నారు మీద వాన పడి కొట్టుకుపోతే విత్తనాన్ని తప్పుపట్టం. టీకా వేయించుకున్న వారానికే వచ్చిందని ఆ రోజుల్లో ఊళ్లలో చెప్పుకున్న సంఘటనల్లో ఇలాంటివి ఉండే ఉంటాయి.

ఒక్క డోసు మాత్రమే వేసుకున్నవాళ్ల అంకెలు అదే వరసలో 61, 70, 94, 95. జాగ్రత్తగా చూస్తే ఆక్సిజన్ దగ్గర రెండు డోసులకు 92, ఒక్క డోసుకు 94 కనిపిస్తుంది. అంటే ఒక్క డోసే మేలా? కాదు. ఆక్సిజన్ అవసరమైనవాళ్లు మొత్తం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఒక్క మనిషి అటు నుంచి ఇటు మారితే శాతం చాలా కదులుతుంది. సంఖ్య చిన్నదైనప్పుడు శాతాన్ని నమ్మి పందెం కాయకూడదు. 92కీ 94కీ తేడా లేదని, రెండూ 65కి చాలా పైన ఉన్నాయని మాత్రం నమ్మకంగా చెప్పొచ్చు.

మార్టేరు మడి, రైతు మడి

ప్రయోగాల్లో టీకా చూపించే బలం ఒకటి, ఊళ్లో చూపించే బలం ఒకటి. ఈ తేడా పశ్చిమ డెల్టా రైతుకు కొత్త కాదు. స్వర్ణ, అదే ఎంటీయూ 7029, పుట్టింది మార్టేరు వరి పరిశోధన స్థానంలో. స్థానంలోని మడిలో నీరు వేళకు పెడతారు, ఎరువు కొలిచి వేస్తారు, పురుగు కనబడగానే మందు కొడతారు. అదే వంగడం మురుగు కాలవ పూడిపోయిన చివరి ఆయకట్టు చేలో పడితే దిగుబడి వేరు. వంగడం అదే. పొలం మారింది. రైతుకు కావాల్సింది రెండో దిగుబడి లెక్క.

కోవాక్సిన్ కథ సరిగ్గా ఇదే. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారుచేసిన ఈ టీకా, 25 వేల మందికి పైగా పాల్గొన్న మూడో దశ ప్రయోగంలో లక్షణాలతో కూడిన కోవిడ్ నుంచి 77.8 శాతం రక్షణ ఇచ్చింది. ఢిల్లీ ఎయిమ్స్ సిబ్బందికి వేసింది ఈ టీకానే. 2021 ఏప్రిల్ 15 నుంచి మే 15 వరకు, అంటే రెండో వేవ్ నడినెత్తిన ఉన్న నెల రోజుల్లో, లక్షణాలతో ఆర్టీపీసీఆర్ పరీక్షకు వచ్చిన 2,714 మంది సిబ్బంది వివరాలు తీశారు. 1,617 మందికి పాజిటివ్ వచ్చింది, మిగిలిన 1,097 మందికి నెగెటివ్. రెండు డోసులూ అయి రెండు వారాలు గడిచినవాళ్లలో తేలిన రక్షణ 50 శాతం.

77.8 ఎక్కడ, 50 ఎక్కడ. అప్పట్లో ఈ అంకె చూసి చాలామంది కంపెనీ మోసం చేసిందన్నారు. అది తొందరపాటు. ప్రయోగం జరిగిన రోజుల్లో వైరస్‌లో డెల్టా అనే రకం ఇంకా దేశాన్ని పూర్తిగా ఆక్రమించలేదు. ఎయిమ్స్ లెక్క తీసిన నెలలో అది విజృంభించింది. పైగా ఇవి ఊళ్లో నడిచే మనుషుల లెక్కలు కావు, ఎనిమిది గంటలు కోవిడ్ వార్డులో గాలి పీల్చిన మనుషుల లెక్కలు. వైరస్ ఎంత ఎక్కువ మోతాదులో, ఎన్నిసార్లు ఎదురైతే గట్టు మీద ఒత్తిడి అంత పెరుగుతుంది. ఆ 50 కేవలం లక్షణాలతో జబ్బు రావడం గురించి. ఆక్సిజన్ గురించి కాదు. 50 అన్న అంకెను సీఎంసీ 92 పక్కన పెట్టి కోవిషీల్డ్ గొప్పదని చెప్పినవాళ్లు చేసిన తప్పు ఇదే. 50ని పోల్చదలిస్తే 65తో పోల్చాలి. అప్పుడు కూడా రెండు ఊళ్లు, రెండు లెక్కించే పద్ధతులు అన్న సంగతి మరవకూడదు.

(ఆ వైరస్ రకానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ డెల్టా అని పేరు పెట్టింది 2021 మే 31న, అప్పటికే మన దగ్గర వేవ్ దిగుముఖం పడుతోంది. నదీముఖానికీ వైరస్‌కూ ఆ పేరు వచ్చింది ఒకే గ్రీకు అక్షరం నుంచి.)

ఎయిమ్స్ వాడిన పద్ధతి గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. ఎందుకంటే చిన్న ఆస్పత్రులు కూడా వాడుకోగల పద్ధతి ఇదే. పరీక్షకు వచ్చినవాళ్లనే తీసుకుంటారు. దగ్గు, జ్వరంతో వచ్చి పాజిటివ్ తేలినవాళ్లు ఒకవైపు. అవే లక్షణాలతో వచ్చి నెగెటివ్ తేలినవాళ్లు ఇంకోవైపు. రెండు వైపులా టీకా వేసుకున్నవాళ్లు ఏ నిష్పత్తిలో ఉన్నారో చూస్తారు. టీకా పనిచేస్తుంటే పాజిటివ్ వైపు వాళ్లు తక్కువ తేలాలి. ఇందులో సుగుణం ఏమిటంటే, ఇరువైపుల వాళ్లూ జ్వరం రాగానే పరీక్షకు వెళ్లే అలవాటున్నవాళ్లే. పరీక్షంటే భయపడి ఇంట్లో కషాయం తాగి పడుకునేవాళ్లు లెక్కను పాడుచేయరు.

అదే కాలంలో సాయుధ దళాల వైద్య సేవల విభాగం దాదాపు 15.95 లక్షల మంది సిబ్బంది మీద చేసిన అధ్యయనంలో కోవిషీల్డ్ ఇన్ఫెక్షన్లను 93 శాతం, మరణాలను 98 శాతం తగ్గించినట్టు తేలింది. ఒకే టీకా వేలూరులో ఇన్ఫెక్షన్లను 65 శాతం ఆపితే ఇక్కడ 93 శాతం ఎలా ఆపింది? జవాబు మనుషుల్లో ఉంది. సైన్యంలో దాదాపు అందరూ మగవాళ్లు, ఎక్కువమంది ముప్పై లోపు వయసువాళ్లు, ఆరోగ్య పరీక్షల్లో నెగ్గి చేరినవాళ్లు. వాళ్లలో చాలామంది రోజూ కోవిడ్ వార్డులో తిరిగేవాళ్లు కూడా కాదు. మన డెల్టాలో పల్లెపల్లెనా తిరిగిన ఏఎన్‌ఎంలు, ఆశాలు అందరూ ఆడవాళ్లు, చాలామంది నడివయసువాళ్లు, బీపీ, షుగర్ మాత్రలు వాడేవాళ్లు తక్కువేమీ కాదు. 93 అన్న అంకెను తెచ్చి వాళ్లకు ఆశ పెట్టడం న్యాయం కాదు. వాళ్లకు దగ్గరి బంధువు వేలూరు అంకె.

బ్రిటన్‌లో సైరన్ అనే అధ్యయనం సిబ్బందికి లక్షణాలున్నా లేకపోయినా రెండు వారాలకోసారి పరీక్ష చేసింది. వాళ్లు వేసుకున్నది ఫైజర్ టీకా. ఒక డోసు తర్వాత మూడు వారాలకు 70 శాతం, రెండో డోసు తర్వాత వారానికి 85 శాతం రక్షణ కనిపించింది. ఇక్కడ ఇన్ఫెక్షన్ అంటే ఒంట్లో బాగానే ఉండి శ్వాబ్‌లో మాత్రం దొరికిపోయింది కూడా. ఇంకో చోట ఇన్ఫెక్షన్ అంటే జ్వరం వచ్చి పరీక్షకు వెళ్తే తేలింది. ఒకే మాట, రెండు అర్థాలు. అంకెలు పోల్చేముందు ఆ మాట ఏ అర్థంలో వాడారో చూడాలి.

వేసుకోనివాళ్లు ఎవరు?

ఆస్పత్రి సిబ్బంది లెక్కకు అనువైనవాళ్లు. జీతాల రిజిస్టర్‌లో ప్రతి పేరూ ఉంటుంది. టీకా తేదీ ప్రభుత్వ టీకా పోర్టల్ కోవిన్‌లో ఉంటుంది. పరీక్ష పక్క గదిలోనే. జ్వరమొచ్చి సెలవు పెట్టినా కబురు తెలుస్తుంది. ఊరి జనంలో ఇవన్నీ వెతికి పట్టుకోవాలంటే తలప్రాణం తోకకొస్తుంది.

అయితే ఏ లెక్కకైనా పోల్చుకోవడానికి టీకా వేసుకోనివాళ్లు కావాలి. 2021లో ఆస్పత్రిలో పనిచేస్తూ కూడా వేసుకోకుండా మిగిలిపోయింది ఎవరు? గర్భిణులు, పాలిచ్చే తల్లులు (మొదట్లో వాళ్లకు వేయలేదు), తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్లు, భయపడి వాయిదా వేసినవాళ్లు. కోవాక్సిన్‌కు జనవరి 3న అనుమతి వచ్చేనాటికి మూడో దశ ఫలితాలు రాలేదు. వేసుకునేవాళ్ల దగ్గర అంగీకార పత్రం మీద సంతకం పెట్టించుకున్నారు కూడా. డాక్టర్లే వెనకాడిన సంగతి అందరికీ తెలుసు. ఆ వెనకాట అజ్ఞానం వల్ల వచ్చింది కాదు, చూపించాల్సిన కాగితం చూపించకుండా నమ్మమనడం వల్ల వచ్చింది.

వీళ్లు కాక ఇంకో పెద్ద గుంపు ఉంది. 2020 ఆగస్టు, సెప్టెంబరుల్లోనే కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లు. మాకు వచ్చి పోయింది కదా, ఇప్పుడే ఎందుకులే అని ఆగినవాళ్లు. అప్పటి ఉమ్మడి తూర్పు గోదావరి రాష్ట్రంలోనే ఎక్కువ కేసులు నమోదైన జిల్లా. అంటే మన ఆస్పత్రుల్లో ఇలాంటివాళ్లు తక్కువేమీ ఉండరు. వాళ్లకు జబ్బు ఇచ్చిన రక్షణ ముందే ఉంది. టీకా వేసుకోని గుంపులో వాళ్లు కలిసిపోతే ఆ గుంపుకు ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి, పోల్చినప్పుడు టీకా బలం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. 2021 జూన్, జూలైల్లో కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ నాలుగో సెరో సర్వే (రక్తంలో యాంటీబాడీలు వెతికే సర్వే) చేసేనాటికి దేశంలో ఆరేళ్లు దాటినవాళ్లలో 67.6 శాతం మందిలో, ఆంధ్రప్రదేశ్‌లో 70.2 శాతం మందిలో, ఆరోగ్య సిబ్బందిలోనైతే 85.2 శాతం మందిలో యాంటీబాడీలు దొరికాయి. టీకా వల్ల వచ్చిందెంత, జబ్బు వల్ల వచ్చిందెంత అన్నది ఆ తర్వాత విడదీయడం చాలా కష్టమైపోయింది.

లెక్కను ఎదురువైపు లాగే సంగతి కూడా ఉంది. టీకా వేసుకోవడంలో ముందుండేవాళ్లు మాస్కు కూడా సరిగ్గా పెట్టుకుంటారు, గ్లౌజులు మారుస్తారు, అన్నం తినేటప్పుడు దూరంగా కూర్చుంటారు. వాళ్లకు ఇన్ఫెక్షన్ తక్కువ రావడంలో టీకా వాటా ఎంత, జాగ్రత్త వాటా ఎంత? అలాగే ఐసీయూలో రాత్రి డ్యూటీ చేసే స్టాఫ్ నర్సునూ, ఆఫీసు గదిలో బిల్లులు రాసే గుమాస్తానూ ఒకే వరసలో నిలబెట్టి పోల్చడం తప్పు. మంచి అధ్యయనాలు వయసు, డ్యూటీ, పాత జబ్బు వివరాలు తీసుకుని ఈ తేడాలను సరిచేస్తాయి. అలా సరిచేశారో లేదో చూడకుండా శాతం ఒక్కటే చదవడం వల్ల ఉపయోగం లేదు.

క్యారియర్‌లో నీళ్ల చప్పుడు

వేలూరు, ఢిల్లీ ఆస్పత్రుల్లో టీకా ఫ్రిజ్ నుంచి చేతిదాకా వెళ్లేది ఒకే భవనంలో. సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు మీద వశిష్ట దాటే చోటా, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం వైపు గౌతమి దాటే చోటా, రోడ్డు లేని లంకల్లోకి పడవ మీద వెళ్లే చోటా టీకా ప్రయాణం వేరు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీలో) ఐఎల్‌ఆర్ అనే ఫ్రిజ్‌లో టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటుంది. పొద్దున్నే సిబ్బంది డీప్ ఫ్రీజర్‌లోంచి గడ్డకట్టిన ఐస్ ప్యాకులు తీసి బల్ల మీద పరుస్తారు. వెంటనే క్యారియర్‌లో పెట్టరు. కాసేపటికి ప్యాకుల మీద చెమట పడుతుంది. ఒక్కోటీ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తారు. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినబడాలి. వినబడితేనే నాలుగు ప్యాకులూ నాలుగు గోడలకు పెట్టి, మధ్యలో ప్లాస్టిక్ సంచిలో వయల్స్ ఉంచి మూత బిగిస్తారు. ఆ చప్పుడు కోసం ఎందుకు ఆగాలంటే, పూర్తిగా గడ్డకట్టిన ప్యాకు పక్కన పెడితే వయల్ కూడా గడ్డకట్టే ప్రమాదం ఉంది. కోవాక్సిన్‌లో పటిక జాతి అల్యూమినియం పదార్థం ఉంటుంది. ఒకసారి గడ్డకడితే దాని రేణువులు ముద్దలుగా కూడుకుని, కరిగాక కూడా మామూలు స్థితికి రావు. కోవిషీల్డ్‌ను కూడా గడ్డకట్టనివ్వకూడదు. మే నెల ఎండలో అందరి భయం టీకా వేడెక్కుతుందని. ఎక్కువ చల్లబడినా టీకా చచ్చిపోతుందన్న సంగతి తెలిసింది ఆ ప్యాకు ఊపే చేతికే.

కోవిషీల్డ్ వయల్ ఒకటి తెరిస్తే పది మందికి వస్తుంది. తెరిచిన నాలుగు గంటల్లో అయిపోవాలి. లంకలో తొమ్మిదో మనిషి, పదో మనిషి చేపల వేటకు వెళ్లి ఉంటే వయల్ తెరవాలా వద్దా అన్నది ఆ రోజు పెద్ద టెన్షన్. టీకా వాస్తవంలో ఎంత పనిచేసింది అన్న శాతంలో ఈ గంటలు, ఈ చప్పుడు, ఈ పడవ కూడా కలిసే ఉంటాయి. ప్రయోగంలో వాటికి చోటు లేదు.

నాలుగు వారాలు, పన్నెండు వారాలు

సిబ్బంది లెక్కను ఊరి జనానికి అన్వయించేటప్పుడు చాలామంది మరిచిపోయే తేడా ఒకటుంది. జనవరిలో మొదలుపెట్టిన సిబ్బంది రెండో డోసును నాలుగు వారాలకే వేసుకున్నారు. కోవిషీల్డ్ ఎడాన్ని మార్చిలో 6 నుంచి 8 వారాలు చేశారు. మే 13న 12 నుంచి 16 వారాలు చేశారు. డోసుల మధ్య ఎడం పెరిగితే యాంటీబాడీలు ఎక్కువ వస్తాయన్న ఆధారం ఉంది, ఆ మార్పుకు శాస్త్రం లేకపోలేదు. కానీ కాలం చూడండి. 45 ఏళ్లు దాటిన అందరికీ టీకా తెరిచింది ఏప్రిల్ 1న. ఏప్రిల్ రెండో వారంలో మొదటి డోసు వేసుకున్న కోనసీమ కొబ్బరి రైతు, రాష్ట్రంలో రోజుకు 20 వేలకు పైగా కేసులు వస్తున్న మే మధ్యలో ఒక్క డోసుతో వేవ్‌కు ఎదురు నిలబడ్డాడు. బ్రిటన్‌లో డెల్టా రకం మీద ఇదే ఆస్ట్రాజెనెకా టీకా ఒక డోసు 30 శాతం, రెండు డోసులు 67 శాతం రక్షణ ఇచ్చినట్టు తేలింది, అదీ లక్షణాలతో కూడిన జబ్బు విషయంలో. నర్సమ్మ దగ్గర రెండు డోసుల గట్టు ఉంది. రైతు దగ్గర సగం కట్టిన గట్టు ఉంది. ఇద్దరినీ కలిపి టీకా వేసుకున్నవాళ్లు అని ఒకే మాటతో పిలిచారు. జనంలో నమ్మకం సడలడానికి ఈ ఒక్క మాట చేసిన చెరుపు ఎక్కువ.

జూన్ 20న రాష్ట్రం ఒక్క రోజులో 13 లక్షలకు పైగా డోసులు వేసింది. ఆ రోజు సచివాలయాల్లో, బడుల్లో రాత్రిదాకా కూర్చున్న ఏఎన్‌ఎంల కష్టానికి చేతులెత్తి మొక్కాలి. ఆ డోసులు రెండు నెలల ముందు వచ్చి ఉంటే అన్న బాధ మాత్రం అలాగే ఉంటుంది.

2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చాక ఊట ఎక్కువైంది. ఆస్ట్రాజెనెకా రెండు డోసులు ఐదారు నెలలు దాటేసరికి ఒమిక్రాన్ జ్వరాన్ని ఆపే శక్తి దాదాపు లేకుండా పోయిందని బ్రిటన్ లెక్కలు చూపించాయి. ఇక్కడ సిబ్బందికి ప్రికాషన్ డోసు, అంటే మూడో డోసు, జనవరి 10న మొదలైంది. అదీ రెండో డోసు తర్వాత 39 వారాలు నిండినవాళ్లకే. ఐదారు నెలలకే పలచబడే రక్షణకు తొమ్మిది నెలల గడువు పెట్టడం వార్డులో నిలబడే మనిషి వైపు నుంచి చూస్తే సరైన నిర్ణయం కాదు. అయినా ఆ వేవ్‌లో ఆక్సిజన్ కోసం మే నెల నాటి పరుగులు మళ్లీ కనిపించలేదు. వైరస్ రకం కొంత మెత్తబడింది, టీకా, పాత ఇన్ఫెక్షన్ కలిసి గట్టు మందం పెంచాయి. ఎవరి వాటా ఎంతో విడదీసి చెప్పడం ఇక్కడ కూడా కష్టమే.

మూడు రిజిస్టర్లు

ఇలాంటి లెక్క తీయడానికి వేలూరు అంత పెద్ద ఆస్పత్రి అక్కర్లేదు. ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ), దాని కింది పీహెచ్‌సీలు కలిస్తే కొన్ని వందల మంది సిబ్బంది అవుతారు. కావాల్సింది మూడు రిజిస్టర్లు. ఎవరెవరు పనిచేస్తున్నారు, ఎవరికి ఏ తేదీన ఏ టీకా పడింది, ఎవరికి ఏ తేదీన జబ్బు తేలి ఎంతదాకా వెళ్లింది. నూరు మంది సిబ్బందిలో 90 మంది టీకా వేసుకున్నారనుకుందాం. వాళ్లలో తొమ్మిది మందికి, వేసుకోని పది మందిలో నలుగురికి జబ్బు వచ్చిందనుకుందాం. వచ్చిన 13 మందిలో తొమ్మిది మంది టీకావాళ్లే. అయినా ఇటు నూటికి పది, అటు నూటికి నలభై. పదిని నలభైతో భాగించి ఒకటిలోంచి తీసేస్తే రక్షణ 75 శాతం. ఏడో తరగతి లెక్క ఇది. పీహెచ్‌సీలో ఫార్మసిస్ట్ భోజనం వేళలో కాగితం మీద వేసి చూపించగలడు. వేవ్ నడుస్తుండగానే మన మండలం అంకె ఇదీ అని గోడ మీద అతికించి ఉంటే, ఎక్కడో ఢిల్లీ నుంచి వచ్చిన శాతం కన్నా ఊరు దాన్నే నమ్మేది.

ఇందులో చిక్కంతా మొదటి రిజిస్టర్‌లో ఉంది. ఔట్‌సోర్సింగ్‌లో పనిచేసే శానిటేషన్ వర్కర్లు, సెక్యూరిటీ వాళ్లు, అంబులెన్సు డ్రైవర్లు ఆస్పత్రి జీతాల పట్టీలో ఉండరు. ఏజెన్సీ మారితే పేర్లు మారతాయి. రోగి వాడిన మాస్కులు, సూదులు, రక్తం అంటిన దూది చేత్తో ఎత్తేది వాళ్లే. జబ్బుకు అందరికన్నా దగ్గరగా ఉండేవాళ్లు లెక్కకు అందరికన్నా దూరంగా ఉంటే వచ్చే శాతం, అది 65 అయినా 92 అయినా, వాళ్ల గురించి ఏమీ చెప్పదు.

కోవిడ్ సంగతి పక్కన పెట్టినా ఈ రిజిస్టర్ అవసరం రోజూ ఉంది. హెపటైటిస్ బి టీకా దశాబ్దాలుగా ఉంది, సున్నా, ఒకటి, ఆరు నెలలకు మూడు డోసులు. రక్షణ లేని మనిషికి ఆ వైరస్ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే జబ్బు సోకే అవకాశం నూటికి ఆరు నుంచి ముప్పై దాకా ఉంటుంది. హెచ్ఐవీకి అది నూటికి ఒక్కటి కూడా లేదు, 0.3. రాత్రి డ్యూటీలో పసుపు సంచి కట్టేటప్పుడు వేలికి సూది దిగిన వర్కర్ తెల్లారి డ్యూటీ డాక్టర్ దగ్గరికి వస్తే మొదట అడగాల్సిన ప్రశ్న, మూడు డోసులూ పడ్డాయా అని. దానికి జవాబు ఆ మనిషి జ్ఞాపకంలో కాకుండా ఆస్పత్రి బీరువాలో, పేరు ఎదురుగా మూడు తేదీలతో ఉండాలి.